రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తేదెవరు?

"ఇక మేం చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి." పెద్దాసుపత్రిలో ఈ మాట విని ఊరికి తిరిగొచ్చిన కుటుంబానికి అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లయితే ఉంటాయి గానీ, రాత్రి రెండింటికి మనిషి నొప్పితో మెలికలు తిరుగుతుంటే ఎవరికి ఫోన్ చేయాలో ఉండదు. ఊళ్లో ఉన్న ఆర్‌ఎంపీ వచ్చి ఒక నొప్పి ఇంజెక్షన్ చేసి వెళ్తాడు. ముదిరిన క్యాన్సర్ నొప్పి దానికి ఎంతవరకు లొంగుతుందో పక్కన కూర్చున్నవాళ్లకు తెల్లారేసరికి తెలిసిపోతుంది.

చేసేదేం లేదనడం వైద్యపరంగానే తప్పు. నొప్పి, ఆయాసం, వాంతులు, మలబద్ధకం, పుండు నుంచి వచ్చే వాసన, నిద్ర పట్టకపోవడం, చావు భయం, వీటిలో ప్రతిదానికీ చేయగలిగింది ఉంది. నర్సుగా మొదలై, ఆసుపత్రిలో సామాజిక కార్యకర్తగా పనిచేసి, ఆ తర్వాత డాక్టరైన సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పిస్ (చివరి దశ రోగుల సేవాకేంద్రం) తెరిచింది ఈ పని కోసమే. జబ్బు నయం కాకపోయినా బాధ తగ్గించే ఈ వైద్యాన్నే పాలియేటివ్ కేర్ అంటారు. అదంటే చికిత్స మానేసి చావు కోసం ఎదురుచూడటమని మన డాక్టర్లలోనే చాలామంది అనుకుంటున్నారు, అందుకే చివరి వారంలో గానీ అటు పంపరు. 2010లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం ఏం చెప్పిందో వాళ్లు ఒకసారి చూడాలి: ఇతర భాగాలకు పాకిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్లలో, మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచీ పాలియేటివ్ కేర్ కూడా అందినవారు సగటున 11.6 నెలలు బతికారు, మామూలు చికిత్స మాత్రమే అందినవారు 8.9 నెలలు. పాలియేటివ్ కేర్ అందినవారికి చివరి రోజుల్లో శరీరాన్ని హింసపెట్టే చికిత్సలు కూడా తక్కువే జరిగాయి.

ఇది ఒక్క క్యాన్సర్ గొడవే కాదు. గుండె బలహీనపడి నాలుగడుగులు వేస్తే ఆయాసపడేవాళ్లు, కిడ్నీలు పోయినవాళ్లు, పక్షవాతంతో మంచం పట్టినవాళ్లు, మతిమరుపు వ్యాధితో ఇంట్లోవాళ్లనే గుర్తుపట్టని పెద్దవాళ్లు, పుట్టుకతోనే నయంకాని జబ్బు తెచ్చుకున్న పసిపిల్లలు, అందరూ ఇందులోకి వస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 5.68 కోట్ల మందికి ఈ సేవలు కావాలి, అందుతున్నది సుమారు 14 శాతం మందికే.

మరి గ్రామీణ ప్రాంతానికి నిపుణుల సేవ ఎలా చేరుతుంది? ఈ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ జిల్లా ఆసుపత్రిలో ఒక కొత్త వార్డు, గుమ్మానికి రిబ్బను, గోడకు శిలాఫలకం. వార్డు వద్దనడం లేదు. అదుపు తప్పిన నొప్పిని దారికి తేవడానికి కొన్ని రోజులు మంచం అవసరమవుతుంది, ఇంట్లోవాళ్లకు కాస్త ఊపిరి తీసుకునే వీలు కూడా దొరుకుతుంది. కానీ లేచి కూర్చోలేని మనిషిని ఆటోలో గంటన్నర కుదిపి తీసుకొచ్చి, ఓపీ చీటీ కోసం వరుసలో నిలబెట్టి, మళ్లీ అదే గుంతల రోడ్డు మీద వెనక్కి పంపడాన్ని సేవ అని ఎలా అంటాం? నిపుణుడు ప్రతి మండలంలో కూర్చోనక్కర్లేదు, అంతమంది లేరు కూడా. ఆయనకు తెలిసిన విద్య మాత్రం ఊళ్లోకి వెళ్లే నర్సు చేతిలో ఉండాలి, ఆ నర్సు ఫోన్ చేస్తే ఏ వేళప్పుడైనా అవతల పలికేవాళ్లుండాలి.

ఇది గాలిలో మేడ కాదని కేరళ ఎప్పుడో చూపించింది. 1993లో కోజికోడ్‌లో ఒక చిన్న క్లినిక్‌గా మొదలైన పని ఊరూరా వాలంటీర్ల చేతుల్లోకి వెళ్లింది. 2008లో ఆ రాష్ట్రం దేశంలోనే మొదటిసారి పాలియేటివ్ కేర్ విధానం ప్రకటించి, ఇంటింటికీ వెళ్లే నర్సుల బాధ్యతను పంచాయతీలకు అప్పగించింది. తెలంగాణలోనూ 'ఆలన' పేరుతో ఇంటికొచ్చే బృందాలున్నాయి. దారి సరైనదే. అయితే బండి పగలు వచ్చి వెళ్తుంది, నొప్పి రాత్రి వస్తుంది, ఆ మధ్య ఖాళీ ఎవరు పూడుస్తారన్నదే మా ప్రశ్న.

ఆ ఖాళీలో ఉండాల్సింది మార్ఫిన్, నల్లమందు నుంచి తీసే బలమైన నొప్పి మందు. విచిత్రం ఏమిటంటే, ప్రభుత్వ లైసెన్సుతో నల్లమందు సాగుచేసి బయటి దేశాలకు పంపే దేశం మనది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాల్లో పండే ఆ పంట నుంచి వచ్చే మందు మన ఊళ్లో రోగికే దొరకదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం భయంతో ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. మార్ఫిన్‌తో సహా కొన్ని మందులను అత్యవసర మాదక ఔషధాలుగా గుర్తించి, ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరుగా ఉన్న లైసెన్సుల చిక్కుముడిని తీసేసి, దేశమంతా ఒకే నియమావళి తెచ్చింది. ఇప్పుడు ఆసుపత్రికి కావాల్సింది గుర్తింపు, శిక్షణ పొందిన ఒక డాక్టరు, తాళం వేసిన బీరువా, ఒక రిజిస్టరు. ఇంత తేలికైనా బీరువాలు ఖాళీగా ఉన్నాయంటే అడ్డుపడుతున్నది చట్టం కాదు, ఎందుకొచ్చిన టెన్షన్ అనే ధోరణి.

మార్ఫిన్ ఇస్తే అలవాటు పడిపోతారని, ప్రాణం తొందరగా పోతుందని ఇంట్లోవాళ్లూ భయపడతారు, వాళ్లను తప్పుపట్టలేం. డాక్టరు కూర్చోబెట్టి చెప్పాలి. నొప్పిని బట్టి కొద్దికొద్దిగా మోతాదు పెంచుకుంటూ వెళ్తే అది ప్రమాదకరం కాదు. నోటి ద్వారా వేసే మామూలు మాత్ర సుమారు నాలుగు గంటలు పనిచేస్తుంది కాబట్టి, నొప్పి వచ్చాక వేసుకోవడం కాకుండా వేళ తప్పకుండా వేయాలి. దాంతోపాటు విరేచనం సాఫీగా అయ్యే మందు తప్పనిసరి. ఈ చిన్న సంగతి చెప్పకపోవడం వల్లే చాలామంది వారం తిరక్కుండా మాత్రలు పక్కన పడేస్తారు.

ఉగాండా మనకంటే పేద దేశం. అక్కడ మార్ఫిన్ పొడిని నీళ్లలో కలిపి సీసాల్లో ఇస్తారు. డాక్టర్లు చాలరని గ్రహించి, ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు కూడా మార్ఫిన్ రాయొచ్చని 2004లో చట్టబద్ధంగా అనుమతించారు. మన దగ్గర ఈ మాటెత్తితే డాక్టర్ల సంఘాలు లేచి నిలబడతాయని తెలుసు. అయినా అంటున్నాం: డాక్టరు ఒకసారి మొదలుపెట్టిన మందును, ఫోన్‌లో ఆయనను అడిగి, ఇంటి దగ్గర మోతాదు సరిచేసి కొనసాగించే అధికారం శిక్షణ పొందిన నర్సుకు ఇవ్వాలి.

ఇంకొకటి, ఎవరూ లెక్కలో రాయనిది. మంచం పట్టిన మనిషికి సేవ చేసేది దాదాపు ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్లే, భార్యో కోడలో కూతురో. ఆమె కూలి పోతుంది, నిద్ర పోతుంది, నడుము పోతుంది, ఆమె ఆరోగ్యం గురించి అడిగే కాలమ్ ఏ ఫారంలోనూ లేదు. ఇంటికొచ్చిన నర్సు రోగిని పక్కకు తిప్పడం, పుండు కడగడం ఆమెకు నేర్పిస్తే సగం బరువు తగ్గుతుంది. మిగతా సగానికి డబ్బు సాయమే కావాలి, ఓదార్పు మాటలతో అది తీరదు.

ఊళ్లలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలైన ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలు అందించాల్సిన సేవల జాబితాలో పాలియేటివ్ కేర్ ఇప్పటికే ఉంది. కాగితం మీద ఉన్నదాన్నే అమలు చేయమంటున్నాం. ప్రతి జిల్లా వైద్యాధికారి తన పరిధిలో ఏయే ఆసుపత్రుల్లో ఈరోజు మార్ఫిన్ మాత్రలున్నాయో, రాత్రిపూట ఏ నంబరుకు ఫోన్ చేయాలో పీహెచ్‌సీ గోడ మీద రాయించాలి. రాయడానికి ఏమీ లేకపోతే, లేదనే రాయించాలి.