మహారాజశ్రీ ఐఎంఎస్ బేరింగ్ గారికి

మిర్యాలగూడ నుంచి రైస్ మిల్లు మెకానిక్ నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ, పోర్షే కారు ఇంజిన్ లోపల, మీరు క్షేమమో కాదో తెలుసుకోవాలంటే గేర్‌బాక్స్ దింపాలి కాబట్టి ఆ ప్రశ్న అడగడం లేదు.

మీకు నేను తెలియదు, మా సడ్డకుడు తెలుసు. నల్గొండలో ప్లాట్ల వ్యాపారం కలిసొచ్చి, హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో పోర్షే బాక్‌స్టర్ కొన్నాడు. 2005 మోడల్. రెండే సీట్లు. మా మరదలు ఒక్కసారి ఎక్కి, దిగేటప్పుడు నడుం పట్టేసి, ఆ తర్వాత దాని వంక చూడలేదు. ఆయన మాత్రం ఊరంతా చూపించుకున్నాడు. ఆ సంబరంలో ఉండగా ఎవరో మీ పేరు చెప్పి, మీరు పగిలితే ఇంజిన్ మొత్తం పోతుందన్నారు. అంతే, ఆయనకు నిద్ర కరువైంది. ఇప్పుడు అర్ధరాత్రి నాకు ఫోన్ చేసి, "అన్నా, స్టార్ట్ చేస్తే ఏదో చప్పుడొస్తుంది, విను" అని సైలెన్సర్ దగ్గర ఫోన్ పెడుతున్నాడు.

మీ ఉద్యోగం గురించి మా హమాలీలకు ఇలా చెప్పాను, తప్పుంటే దిద్దండి. ఇంజిన్‌లో క్రాంక్ తిరిగితే అది ఇంటర్మీడియట్ షాఫ్ట్ (అదే మీ పేరులోని ఐఎంఎస్) అనే ఒక కడ్డీని తిప్పుతుంది. ఆ కడ్డీ చైన్లతో రెండు పక్కలా ఉన్న క్యామ్‌షాఫ్ట్‌లను తిప్పుతుంది. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎప్పుడు మూసుకోవాలి అన్న లెక్కంతా దాని మీదే. ఆ కడ్డీకి, గేర్‌బాక్స్ పక్కనుండే ఫ్లైవీల్ వైపు చివర కూర్చున్నది తమరు. అరచేతిలో పట్టేంత మనిషి. తమరు పగిలితే కడ్డీ ఊగుతుంది, చైన్ లెక్క తప్పుతుంది, పిస్టన్ వెళ్లి వాల్వును గుద్దుతుంది. తర్వాత మిగిలేది ఇంజిన్ కాదు, తుక్కు. ఇదంతా విని ఒక హమాలీ అడిగాడు: "మరి దానికి గ్రీజు ఎవరు పెడతరు సార్?"

ఎవరూ పెట్టరు. అదే మీతో నాకున్న పంచాయితీ.

మా మిల్లులో ఎలివేటర్‌కైనా, పాలిషర్‌కైనా ప్రతి బేరింగ్ మీద గ్రీజు నిప్పల్ ఉంటుంది. సాగర్ ఎడమ కాల్వ కింద వడ్లు కోతకొచ్చాయంటే రాత్రీ పగలూ నడపాల్సిందే. అయినా షిఫ్టు మారినప్పుడు ఒకడు గ్రీజు గన్ పట్టుకుని ఒక చుట్టు తిరుగుతాడు. అనుమానమొస్తే స్క్రూడ్రైవర్ మొన హౌసింగ్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి వింటాం. చెయ్యి పెట్టి వేడి చూస్తాం. మా బేరింగ్‌లకు చచ్చేముందు కొన్ని రోజులు అరిచే మర్యాద ఉంది. మిల్లు ఓనరుకు వినపడకపోయినా ఎదురుగా టీ కొట్టువాడికి వినపడుతుంది. మీ దగ్గర ఆ మర్యాద ఏది? కొన్నిసార్లు ఫ్లైవీల్ దగ్గర నాలుగు చుక్కల ఆయిల్ కారుస్తారు, కొన్నిసార్లు అదీ లేదు.

తప్పు పూర్తిగా మీది కాదని నాకూ తెలుసు. లోపల గ్రీజు పోసి, మూతికి సీలు వేసి, చుట్టూ కాగే ఇంజిన్ ఆయిల్ ఉన్న చోట కూర్చోబెట్టారు. ఏళ్లు గడిచేకొద్దీ వేడికి ఆ సీలు గట్టిపడుతుంది. సందులోంచి ఆయిల్ చొరబడి గ్రీజును కడిగేస్తుంది. లోపలికి పోయిన ఆయిల్ బయటికి రాదు, కొత్త ఆయిల్ లోపలికి పోదు. గ్రీజూ లేదు, ఆయిలూ లేదు, మురికినీళ్లలో తిరగడమే మీ బతుకు. పైగా సర్వీసు పుస్తకంలో ఇన్ని కిలోమీటర్లకు మిమ్మల్ని మార్చమని ఎక్కడా లేదు. అదే కడ్డీకి అవతలి చివర ఉన్న సాదా బేరింగ్ మాత్రం ఇంజిన్ ఆయిల్ తాగుతూ హాయిగా ఉంది. పోర్షేవారి 911 కార్లలో, గాలితో చల్లబడే పాత ఇంజిన్లలో రెండు చివరలా అదే ఉండేది. మీ కాలంలోనే వచ్చిన 996 తరం 911ల్లో ఖరీదైన టర్బో, జీటీ3ల్లో కూడా మీరు లేరు. ఎక్కువ డబ్బు పెట్టినవాడికి పాత పద్ధతి, తక్కువ పెట్టినవాడికి మీరు. పెద్దింటివాళ్లకు ఇంటి నెయ్యి, మిగతావాళ్లకు డబ్బా నెయ్యి అన్నమాట.

మీ వంశ చరిత్ర కూడా చదివాను. మొదట 1997 మోడల్ బాక్‌స్టర్‌లో రెండు వరసల బాల్స్‌తో దిగారు. తర్వాత, 2000 ప్రాంతంలో, ఒక వరసకు తగ్గించారు. ఎందుకు తగ్గించారో ఆ ఇంజినీర్లకే ఎరుక. అమెరికాలో ఓనర్లు కోర్టుకెక్కారు. 2001 నుంచి 2005 మోడళ్ల మీద నడిచిన ఆ దావా 2013లో రాజీతో ముగిసింది. ఒక వరసవి సుమారు 8 శాతం పోయాయని, రెండు వరసలవి 1 శాతం దాకానేనని ఆ కేసులో బయటికొచ్చిన లెక్క. అంటే ఒక వరసవాటిలోనూ వందలో తొంభై పైచిలుకు బాగానే ఉన్నాయి. అయినా ఆ తొంభై మందిలో ఒక్కరూ గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోలేదు. 911ల్లో అంత చవక బండి ఇంకొకటి లేకుండా 996 ధర పడిపోవడంలో మీ పేరుకు పెద్ద వాటానే ఉంది. 2009 మోడళ్లకు వచ్చేసరికి ఆ కడ్డీనే తీసేసి కొత్త ఇంజిన్ చేశారు, మీ వంశం అక్కడితో ఆగింది.

మా సడ్డకుడి అదృష్టం చూడండి. 2005లోనే కంపెనీ చిన్న బేరింగ్ వదిలి పెద్దదానికి మారింది. అందుకని ఆ ఏటి బండ్లలో కొన్నింట్లో చిన్నవారు, కొన్నింట్లో పెద్దవారు. తమరెవరో తెలియాలంటే మళ్లీ గేర్‌బాక్స్ దింపాలి. చిన్నవారైతే భయం ఎక్కువ, కానీ మందుంది: క్లచ్ మార్చేటప్పుడు ఎలాగూ గేర్‌బాక్స్ దిగుతుంది, అప్పుడే మిమ్మల్నీ మార్చేయొచ్చు. పెద్దవారైతే భయం తక్కువ, కానీ ఇంజిన్‌ను రెండు ముక్కలు చేస్తే తప్ప బయటికి రారు. అందుకే తెలిసిన మెకానిక్‌లు పెద్దవారికి చేసే వైద్యం ఒక్కటే: మూతి మీది సీలు పీకేసి, ఇంజిన్ ఆయిల్ తగలనివ్వడం. కంపెనీ చేసిన మేలును వెనక్కి తీసుకోవడమే వైద్యమన్నమాట!

మీరొక్కరే అనుకోకండి. 2000ల నాటి బీఎండబ్ల్యూ ఎం3లో మీ చుట్టం, పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ ఉంది. 8,000 ఆర్‌పీఎం దాకా ఉరికే ఆ ఇంజిన్ కోసం కంపెనీయే బండ్లను వెనక్కి పిలిచి బేరింగ్‌లు మార్చింది. మా వాడికి ఈ సంగతి చెప్పలేదు, అదీ కొనేస్తాడని.

ఇక అసలు సంగతి. మీ భయంతో మావాడు ఆ కారును తెల్ల కవర్ కప్పి షెడ్డులో దాచాడు. దసరాకు జమ్మి చెట్టు దాకా, అమాసకు చెర్వుగట్టు దాకా, అంతే. చెర్వుగట్టులో పూజ చేయించి నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. ఐదోది మీ కింద పెడదామంటే దారి లేదు. ఇంజిన్ సరిగా వేడెక్కకముందే ఆపేస్తాడు. ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరి కాదు, అందులోనే నానుతుంది. రోజూ రోడ్డెక్కే బండ్లలో కన్నా ఇలా అపురూపంగా దాచిన బండ్లలోనే మీకు ఎక్కువ ఆపదని అనుభవమున్న మెకానిక్‌ల మాట. "పొద్దున్నే నార్కట్‌పల్లి మీదుగా హైవే ఎక్కి, సూర్యాపేటలో టిఫిన్ చేసి రా, ఆయిల్ కాస్త తొందరగా మార్చు" అని చెప్పాను. "దారిలో పోతే ఎట్ల అన్నా?" అంటాడు. షెడ్డులో పోతే పరువు నిలుస్తుందట.

కాబట్టి మనవి ఏమనగా: వచ్చే ఆదివారం ఆయిల్ మారుస్తున్నాం. పాత ఫిల్టర్ కోసి, మడతలు విప్పి, అయస్కాంతం పెట్టి చూస్తాను. మీరు జవాబు రాయదలిస్తే అందులోనే వేయండి. ఏమీ లేకపోతే ఇంకా ఉద్యోగంలో ఉన్నారనుకుంటాం.

ఇట్లు,
రైస్ మిల్లు మెకానిక్,
మిర్యాలగూడ

తా.క.: మెరిసే ముక్కలేవైనా దొరికితే ముందు మా మరదలికి చెప్పకండి, కారు అమ్మేదాకా ఆగండి.