మహారాజశ్రీ అడుగుల వాచీ గారికి

మహారాజశ్రీ అడుగుల వాచీ గారి దివ్యసముఖానికి, అమలాపురం దగ్గర కాలువగట్టు పల్లె నుంచి రిటైరైన లెక్కల మేస్టారు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. అంటే తమరు ఛార్జింగులో కులాసా, నేను మోకాళ్ల నొప్పుల్లో కులాసా.

తమరు మా ఇంట అడుగుపెట్టి ఎనిమిది నెలలైంది. మా అమ్మాయి హైదరాబాద్ నుంచి పంపుతూ, "నాన్నా, ఇది కట్టుకుంటే మోటివేషన్ దానంతటదే వస్తుంది" అంది. పార్సిల్ విప్పాను. తమరున్నారు, ఛార్జరుంది, చీమ తలకాయంత అక్షరాల్లో ఒక కాగితం ఉంది. మోటివేషన్ మాత్రం కనపడలేదు. అది విడిగా కొనాలేమో.

మొదటి రోజే తమరు రోజుకి 10,000 అడుగులన్నారు. ముప్పై నాలుగేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ణి, జవాబు చూడగానే "ఎలా వచ్చింది?" అనడం అలవాటు. తీరా ఆరా తీస్తే తేలిందేమిటి? 1965లో జపాన్‌లో ఒక కంపెనీ నడుముకి తగిలించుకునే అడుగుల మీటరు అమ్మింది. దానికి పెట్టిన పేరుకి అర్థమే "పది వేల అడుగుల మీటరు". అంకె వైద్యుల దగ్గర కాదు, అమ్మకం దగ్గర పుట్టిందన్నమాట. 2019లో అమెరికాలో పెద్ద వయసు ఆడవాళ్ల మీద చేసిన పరిశీలనలో, నడిచేకొద్దీ ఆయుష్షుకి మేలు కనపడింది గానీ 7,500 దగ్గరికొచ్చేసరికి ఆ మేలు పెరగడం ఆగిపోయింది. మా సంతలో బెల్లం కొట్టువాడు కూడా "పదికి సరిచేసెయ్యండి మేస్టారూ" అంటాడు. కాకపోతే అది ఆరోగ్యం కోసమని బుకాయించడు.

సరే, అంకె మాటెలా ఉన్నా, తమరి లెక్కింపు చూడండి. తమరెన్నడూ నా కాళ్ల మొహం చూడలేదు. ఉండేది మణికట్టు మీద, కాబట్టి చెయ్యూగితే అడుగుపడిందనుకుంటారు. పొద్దున్నే కాలువగట్టున లాకుల దాకా, వానకి గొడుగు పట్టుకుని వెళ్లొచ్చానా, చెయ్యి కదల్లేదని సగానికి సగం కోసేశారు. కొబ్బరికాయల బస్తా సైకిల్ మీద పెట్టుకుని ఎదురుగాలిలో తొక్కుకొచ్చానా, హ్యాండిల్ పట్టుకున్న చేతికి సున్నా వేశారు. సాయంత్రం అరుగు మీద కూర్చుని పేకముక్కలు కలిపితే మాత్రం నాలుగొందల పన్నెండు! తమరి లెక్కన టాపు లేని జీపులో నిలబడి చెయ్యూపుకుంటూ పోయే నాయకుడిది కూడా పాదయాత్రే.

అంతస్తుల లెక్కొకటి. రోజుకి పది అంతస్తులు ఎక్కమని ఆజ్ఞ. డెల్టాలోనండీ! గోళీ వదిలితే ఎటు దొర్లాలో తెలియక నిలబడిపోయే నేల మాది. మాకున్న కొండల్లా ఏటిగట్టే. 1986 ఆగస్టు వరదలో ఊళ్లకి ఊళ్లు పిల్లాజెల్లా, గొడ్డూగోదాతో ఆ కొండెక్కాయి. అప్పుడు ఎవరి మణికట్టూ వణికి "శభాష్, లక్ష్యం చేరారు" అనలేదు.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. తమరి పోరు పడలేక, కొబ్బరికాయల దింపుకొచ్చిన కుర్రాడి చేతికి తమరిని కట్టాను. మధ్యాహ్నానికి ముప్పై చెట్లెక్కి దిగాడు. చెట్టు నలభై అడుగులనుకున్నా, ఎక్కడమే 1,200 అడుగుల ఎత్తు. ఎర్రకోట బురుజులెన్ని ఎక్కినట్టో లెక్కేసుకుంటూ చూద్దును కదా, అంతస్తులు సున్నా! పైగా "ఈరోజు మీరు తక్కువగా కదిలారు" అని చీవాట్లు. చదివి వినిపించాను. చెమట తుడుచుకుంటూ వాడు, "ఆయ్, అలాగాండీ! రేపట్నించి కాస్త ఒళ్లొంచుతాలెండి" అన్నాడు. ఆ రాత్రి అమ్మాయి ఫోన్ చేసి, "ఏంటి నాన్నా, ఇవాళ ఇంట్లోనే పడుకున్నారా?" అంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు తమరి కంటే మర్యాదస్తులు. వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త చురుగ్గా కదలమన్నారు, అంతే. కాస్త చురుగ్గా అంటే మాటలాడగలిగి, పాట పాడలేనంత వేగమట. మాటలాడటానికి మా గోదావరోళ్లకి వేగంతో పనేంటండీ? పక్కింటి రిటైర్డు పోస్టుమాస్టరు అయిదున్నరకల్లా వీధిలో నిలబడి "మేస్టారూ, లేచారా?" అని కేకేస్తాడు. లేవకపోతే ఊరంతా లేస్తుంది. ఆ పరువు కోసం మూడేళ్లుగా నడుస్తున్నాను. ఆయనకి ఛార్జింగ్ అక్కర్లేదు, గ్లాసుడు కాఫీ చాలు.

వేసవిలో కాలువ కట్టేశారు. ఎండిన కాలువ పక్కన నడవబుద్ధి కాదు, ఎందుకో చెప్పలేను. తూటికాడా, చెప్పులూ, ప్లాస్టిక్ సంచులూ తప్ప చూడ్డానికేం ఉండదు. తమరు గంటకోసారి వణికారు, నేను గంటకోసారి పక్కకి తిరిగి పడుకున్నాను.

జూన్‌లో బొబ్బర్లంక దగ్గర తూములెత్తారని తెలిసిన రోజు, నీళ్లొస్తున్నాయనగానే ఉన్నపళంగా పరిగెత్తాను. తొలినీరు పాములా పాకుతూ, ఎండుటాకుల్నీ నురగనీ ముందుకి తోసుకుంటూ వస్తుంది. దాని వెనకాల కొంగలు, వాటి వెనకాల పిల్లలు, పిల్లల వెనకాల నేనూ పోస్టుమాస్టరూ. నీరు ఆగినచోట ఆగి, కదిలినచోట కదిలి, లాకులు దాటి పక్క ఊరి వంతెన దాకా పోయాం. ఎంత దూరమో తెలీదు. తిరిగొచ్చేసరికి పొద్దుగూకింది.

తమరు ఫ్రిజ్ మీద ఉన్నారు. తెర మీద ఆ రోజు నా ఖాతాలో 36 అడుగులు. "ఏవండీ, ఇది పొద్దున్నించీ లేవండి, కదలండి అని వణుకుతూనే ఉంది, అప్పడాల డబ్బా మీంచి రెండుసార్లు కింద పడబోయింది" అంది మా ఆవిడ.

ప్రస్తుతం తమరు ఆవిడ చేతికున్నారు. పెరుగు చిలుకుతోంది. ఇప్పటికి మూడు వేలు దాటారు, వెన్న ఇంకా పడలేదు. అమ్మాయి అప్పుడే మెసేజ్ పెట్టింది, "సూపర్ నాన్నా!" అని. ఇంకా పిండి రుబ్బడం, పెరడు ఊడవడం ఉన్నాయి కాబట్టి ఇవాళ పది వేలకి లోటుండదు.

ఛార్జింగ్ రాత్రికి పెడతాను.

ఇట్లు,
తమ విధేయుడు,
లెక్కల మేస్టారు