మహారాజశ్రీ వాలంటీరింగ్ డే గారికి

మహారాజశ్రీ కార్పొరేట్ వాలంటీరింగ్ డే గారి సముఖానికి, హైటెక్ సిటీ నుంచి ఒక ఉద్యోగి నమస్కరించి రాయునది.

మొన్న రెండో శనివారం తమరి దయవల్ల కంపెనీ తరఫున సేవ చేయడానికి ఊరి బయట సర్కారు బడికి వెళ్లొచ్చాం. పొద్దున్నే బస్సు, మోకాళ్ల దాకా వచ్చే పచ్చ టీషర్టు, వెనక సీట్లో క్లయింట్ కాల్. 'ఇష్టమున్నవాళ్లే రండి' అని మెయిల్. రానివాళ్లు మేనేజర్‌కి కారణం చెప్పాలని దాని కిందే ఇంకో లైను.

తమరి వల్ల వ్యాపారానికి కలిగే లాభాలను హెచ్‌ఆర్ మేడమ్ బస్సులోనే వినిపించారు. జనం ఉద్యోగాలు మారరట, టీములు కలిసిపోతాయట, లీడర్లు పుట్టుకొస్తారట. నిజమే కావచ్చు. బడికి ఏం ఒరుగుతుందో మాత్రం ఆ స్లైడ్లలో లేదు. 2013 కంపెనీల చట్టం, సెక్షన్ 135 ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చుపెట్టాలి, దాన్నే సీఎస్‌ఆర్ అంటారు. సొంత ఉద్యోగులకు మాత్రమే మేలు చేసే పనులు ఆ లెక్కలోకి రావని రూల్స్‌లో ఉంది. మరి మా శనివారం ఏ లెక్కలోకి వస్తుందో ఆడిటర్ గారే చెప్పాలి. బిర్యానీ అయితే బాగుంది.

సెలవు రోజైనా పిల్లల్ని పిలిపించారు, చప్పట్లకి. పోయినేడు మనం నాటిన మొక్కల్లో బతికినవి కోనోకార్పస్ అనే పరదేశీ చెట్లు మాత్రమే. వాటిని పీకేయమని ఇప్పుడు ఊరంతా గోల. సరే, అవన్నీ వదిలేస్తాను. గోడ సంగతి మాత్రం వదల్లేను.

ఆ గోడ మీద అంతకుముందు ఇంకో కంపెనీవాళ్లు వేసిన భారతదేశ పటం ఉంది. చక్కగా ఉంది, ఎక్కడా రంగు కూడా పోలేదు. మూలన వాళ్ల లోగో ఉండటమే దాని నేరం. మనవాళ్లు దాని మీద సున్నం కొట్టారు. ఎవరో ఫోన్లో పాత పటం ఒకటి వెతికి తీశారు, ఫైనాన్స్ టీమ్ దాన్ని చూసి గీసేసింది. 2014 జూన్ 2న విడిపోయిన రెండు రాష్ట్రాల్ని మధ్యాహ్నం భోజనాల లోపు మళ్లీ కలిపేశాం! అదీ తెలంగాణలోని ఒక బడి గోడ మీద. గోడకు చెవులుంటాయంటారు, నోరు లేదు కాబట్టి బతికిపోయాం. సోషల్ సార్ చూసి ఏదో అనబోయారు. అప్పటికే డ్రోన్ లేచింది, అందరూ నవ్వాలి.

హెడ్మాస్టర్ గారు అడిగింది గోడ కాదు. బోరు మోటారు కాలిపోయింది, బాత్రూముల్లో నీళ్లు రావట్లేదు, పెద్ద తరగతుల ఆడపిల్లలు మధ్యాహ్నానికే ఇళ్లకు వెళ్లిపోతున్నారు అన్నారు. 'అది మన స్కోప్‌లో లేదు సర్' అన్నారు మేడమ్. ఎందుకు లేదు? పారిశుధ్యం, తాగునీరు సీఎస్‌ఆర్ పనుల జాబితాలో మొదటి వరుసలోనే ఉన్నాయి. ఒక్క డ్రోన్ కెమెరా అద్దెతో ఆ మోటారుకు వైండింగ్ చేయించొచ్చు కదా? నీళ్లొచ్చే కుళాయికి లోగో అంటించడం కుదరదనా? సిగ్గుండాలి నీకు.

మోటారు దగ్గర కూర్చుని, స్టార్టర్ మూత విప్పి, వైర్లు వాసన చూసి 'వైండింగే పోయింది సార్, మా బావమరిది చేస్తాడు, తక్కువలో చూడమంటా' అని హెడ్మాస్టర్‌కి నంబర్ రాసిచ్చింది ఒక్కడే, మా బస్సు డ్రైవరు. ఆయనకి టీషర్టు ఇవ్వలేదు. వాలంటీర్ గంటల షీట్లో ఆయన పేరూ లేదు.

వచ్చే ఏడాది కూడా వస్తావని తెలుసు, నిన్ను ఆపడం నావల్ల కాదు. వస్తే పని రోజున రా, అకౌంట్స్ వాళ్లని టెన్త్ పిల్లల లెక్కల క్లాసులో కూర్చోబెట్టు, నెట్‌వర్క్ వాళ్లకి బడిలో మూలపడ్డ కంప్యూటర్లు అప్పగించు. ముందు ఆ పటం దిద్దించు. పిల్లలు గోడ చూసి పరీక్షలో అదే గీసొస్తే, పోయిన మార్కులు నీ ఉద్యోగుల ఎంగేజ్‌మెంట్ స్కోరులోంచి కోసిస్తావా?

ఇట్లు,
చేతికంటిన ఎనామెల్ పెయింట్ ఇంకా వదలని
ఒక స్వచ్ఛంద సేవకుడు