ముందు అటక, తర్వాత చెత్తబండి

పోయిన దసరాకు ముందు మా ఇంట్లో అటక దులిపాం. ఒక అట్టపెట్టెలో మా అబ్బాయి నాలుగో తరగతి బూట్లు బయటపడ్డాయి. నెల కూడా తొడగలేదు, కాలు పెరిగిందని పైన పెట్టేశాం. ఆరేళ్ల తర్వాత చేతిలోకి తీసుకోగానే అడుగు పెచ్చులు పెచ్చులుగా ఊడి రాలింది. అప్పుడే ఇచ్చి ఉంటే మా వాచ్‌మన్ కొడుకు ఏడాదైనా తొడుక్కునేవాడు.

అక్కర్లేనివి తీసి పారేయండి, ఇల్లూ మనసూ తేలికవుతాయి అని ఈ మధ్య చాలామంది చెబుతున్నారు. పారేస్తే అవి ఎక్కడికి పోతాయి? హైదరాబాద్‌లో చెత్త ఆటో ఎక్కినవాటిలో చాలా భాగం చేరేది జవహర్‌నగర్‌కే. ఆ డంపింగ్ యార్డు పక్క కాలనీల వాళ్లు ఏళ్లుగా ఆ వాసన పీలుస్తూ బతుకుతున్నారు. అయితే నా దృష్టిలో అసలు తప్పు పారేసే రోజు జరగడం లేదు. ‘ఎప్పుడైనా పనికొస్తుందిలే’ అని పైన పెట్టిన రోజే జరుగుతోంది. పనికొచ్చినంత కాలం దాచుకుని, పాడయ్యాక వదిలించుకుంటున్నాం.

తీసుకునేవాళ్లకు ఈ ఊళ్లో కొదవలేదు. పాత ఇనుము, పాత పేపర్లు కొంటామని మైకు పెట్టుకుని ఆటోలు గల్లీ గల్లీ తిరుగుతాయి. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆడవాళ్లు వస్తారు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలే. గురువారం జుమ్మెరాత్ బజార్‌లో పాత సామాన్లకు బేరాలు సాగుతాయి. కానీ వీళ్లందరికీ వస్తువు ఇంకా వస్తువుగా ఉండగానే చేరాలి. ఎప్‌సెట్ (పాత పేరు ఎంసెట్) పుస్తకాలు పరీక్ష అయిన వేసవిలోనే ఇస్తే ఇంకో పిల్లాడు చదువుకుంటాడు. సిలబస్ మారాక ఇస్తే తూకానికి పోతాయి.

కొన్నిటికి మాత్రం ఎవరూ రారు. దూది పరుపైతే ఏకించి మళ్లీ కుట్టించుకోవచ్చు. ఫోమ్ పరుపుకు ఆ దారి లేదు. ఎవరూ చూడకుండా నాలాలోకి తోసేస్తే, వానాకాలంలో నీళ్లు దిగువ బస్తీ ఇళ్లలోకి వస్తాయి. కొనేటప్పుడే ఈ సంగతి ఆలోచించాలి.

ఎలక్ట్రానిక్ సామాన్ల విషయంలో ఆలస్యం ప్రమాదం కూడా. మా అలమరాలో మూలన పడేసిన ఫోన్ బ్యాటరీ ఉబ్బి, వెనక మూత ఒక పక్క లేచిపోయింది. అలాంటిదాన్ని నొక్కినా, గుచ్చినా మంటలు రావచ్చు. దాన్ని తడి చెత్తలోనో పొడి చెత్తలోనో వేయకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం తమ సరుకుకు తగ్గట్టు రీసైక్లింగ్ జరిపించే బాధ్యత తయారీ కంపెనీలదే. రిజిస్టరైన రీసైక్లర్‌కు చేరేలా ఇవ్వాలి. రాగి కోసం వైర్లు కాల్చేవాళ్ల చేతికి ఇస్తే, ఆ పొగ ముందు పీల్చేది వాళ్ల పిల్లలే.

ఇచ్చే తీరూ ముఖ్యమే. గుండీలు ఊడిన చొక్కా ఇస్తే మన పనిని ఎదుటివాళ్ల నెత్తిన పెట్టినట్టే. ఈ ఏడాది మా పాప యూనిఫాం పొట్టిదైంది. ఉతికి, హుక్కులు కుట్టి, ఇస్త్రీ చేయించాం. జూన్‌లో బడి తెరిచేలోపే మా అపార్ట్‌మెంట్‌లో పనిచేసే అక్క వాళ్లమ్మాయికి ఇచ్చాం. కొలత సరిపోయింది.