పిల్లలు లూడో ఆడితే మీకు జైలు రాదు

బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులోకి ఒక మెసేజ్ మూడోసారి తిరిగొచ్చింది. అందులో ఉన్నది ఇదీ: "కేంద్రం కొత్త చట్టం తెచ్చి ఫోన్‌లో ఆటలన్నీ నిషేధించింది. ఆడినవాళ్ళకు, పిల్లలైతే వాళ్ళ తల్లిదండ్రులకు మూడేళ్ళ జైలు, కోటి రూపాయల జరిమానా. యాప్‌లో ఉన్న డబ్బు పోయినట్టే. చైనా, కొరియా ఇలాగే చేసి పిల్లల్ని దారిలో పెట్టాయి. అన్నీ వెంటనే తీసేయండి, పదిమందికి పంపండి." ఇది చదివి మా పై అంతస్తు మామ్మగారి ఫోన్‌లోంచి వాళ్ళబ్బాయి చదరంగం కూడా తీసేశాడు. మధ్యాహ్నం పూట ఆవిడకున్న కాలక్షేపం అదొక్కటే.

ముందు "ఆటలన్నీ నిషేధం" అన్న మాట చూద్దాం. ఇది అబద్ధం. ఆ చట్టం ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహం, నియంత్రణకు సంబంధించినది. 2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించాయి. 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. అది నిషేధించింది డబ్బు ఆటల్ని. అంటే డబ్బు కట్టి, తిరిగి డబ్బో, దాని విలువున్న మరొకటో గెలుస్తామన్న ఆశతో ఆడేవాటిని. ఊరికే ఆడుకునే లూడో, చదరంగం, పిల్లల చదువు ఆటలు ఈ నిషేధంలో లేవు. నెలకింతని చందా కట్టే ఆటైనా, ఆ చందా పందెం కాకపోతే ఇబ్బంది లేదు. ఈ-స్పోర్ట్స్‌ను, అంటే పోటీలుగా జరిగే వీడియో ఆటల్ని, చట్టం విడిగా గుర్తించింది. అందులో ఎంట్రీ ఫీజు, ప్రైజ్ మనీ ఉండొచ్చు.

ఈ గందరగోళానికి కొంత కారణం పబ్జీ అనుకుంటాను. 2020 సెప్టెంబరు 2న దాన్ని ఆపింది ఐటీ చట్టం కింద, దేశ భద్రత, డేటా కారణాలు చెప్పి. దాని కథ వేరు. దాని బదులు వచ్చిన బీజీఎంఐ 2022లో మాయమై, 2023 మేలో తిరిగొచ్చింది. జనం మాత్రం అన్నిటినీ ఒకే మూటలో కట్టేశారు.

"రమ్మీ నైపుణ్యం ఆట, సుప్రీంకోర్టే చెప్పింది, దాని జోలికి రారు" అని గ్రూపులో ఒకాయన సమాధానం పెట్టారు. ఆయన చెప్పిన తీర్పు నిజమే, అదీ మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే, 1967లో వచ్చింది. కానీ కొత్త చట్టం నైపుణ్యమా, అదృష్టమా అని చూడదు. డబ్బు పందెం ఉందా లేదా అన్నదే చూస్తుంది. దీని మీద కర్ణాటక హైకోర్టుతో సహా వేర్వేరు హైకోర్టుల్లో వేసిన పిటిషన్లను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది.

ఇక జైలు మాట. నాకు కోపం తెప్పించింది ఇదే. మూడేళ్ళు, కోటి రూపాయలు అన్న అంకెలు చట్టంలో ఉన్నాయి. అవి డబ్బు ఆటలు నడిపే కంపెనీలకు, ఆ చెల్లింపులు జరిపించేవాళ్ళకు. ప్రకటనలు ఇచ్చేవాళ్ళకు రెండేళ్ళు, యాభై లక్షల వరకు. ఆడినవాళ్ళకు ఈ చట్టంలో శిక్ష లేదు. వాళ్ళు బాధితులని ప్రభుత్వమే చెప్పింది. ఏటా సుమారు 45 కోట్ల మంది కలిపి 20 వేల కోట్ల దాకా పోగొట్టుకుంటున్నారన్నది ప్రభుత్వ అంచనా. అంతమందిని ఏ జైల్లో పెడతారు?

ఒకటి మాత్రం దాచకూడదు. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ 2020లో చేసిన సవరణలో ఆడినవాళ్ళకు ఆరు నెలల వరకు శిక్ష ఉంది. తమిళనాడు 2022 చట్టంలో మూడు నెలల వరకు ఉంది. కర్ణాటక 2021లో చేసిన సవరణలోని ముఖ్యమైన సెక్షన్లను 2022 ఫిబ్రవరిలో ఇక్కడి హైకోర్టు కొట్టేసింది. పిల్లాడు ఫోన్‌లో ఆడాడని తల్లిదండ్రుల్ని లోపలేసే సెక్షన్ వీటిలో ఎక్కడా లేదు.

ఈ అబద్ధం ఏం చేస్తుందో నేను దగ్గర్నుంచి చూశాను. మా ఎదురు వీధి పీజీలో మదనపల్లె అబ్బాయి ఒకడున్నాడు. ఆంధ్రా మెస్‌లో పరిచయం, నన్ను అక్కా అంటాడు. ఒకటో తారీఖున జీతం పడితే, మూడో తారీఖున రెండొందలు అప్పడిగేవాడు. భోజనం దగ్గర ఫోన్ బోర్లా పెట్టేవాడు. అది మోగినప్పుడల్లా చూడకుండానే కట్ చేసేవాడు. ఏమైందని అడిగితే చాలాసేపు నీళ్ళు నమిలాడు. చివరికి ఫోన్ తిప్పి చూపించాడు. ఇదే ఫార్వర్డ్, స్క్రీన్‌షాట్ తీసి "మూడేళ్ళ జైలు" కింద ఎర్రగీత గీసుకుని ఉంది. "చెప్తే నన్నే పట్టుకుపోతారు కదక్కా?" అన్నాడు. రమ్మీలో జీతాలు పోయాయి, వాటిని పూడ్చడానికి లోన్ యాప్‌లు, ఆ లోన్లు కట్టడానికి ఇంకో లోన్. ఆటలు ఆగిపోయాక కూడా రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఈ మెసేజ్ లేకపోతే అప్పుడే నోరు విప్పేవాడు.

యాప్‌లో డబ్బు పోయినట్టేనన్నదీ నిజం కాదు. చట్టం రాగానే డ్రీమ్11, ఎంపీఎల్ లాంటి యాప్‌లు డబ్బు ఆటలు ఆపేసి, మిగిలిన బ్యాలెన్స్ వెనక్కి తీసుకోవచ్చని ప్రకటించాయి.

చైనా, కొరియా సంగతి. దక్షిణ కొరియా 2011లో పదహారేళ్ళ లోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా ఆన్‌లైన్ ఆటలు ఆడకుండా చట్టం తెచ్చింది. పిల్లలు పెద్దవాళ్ళ ఐడీలతో లాగిన్ అయ్యారు, ఆట ఫోన్లలోకి మారిపోయింది, 2022 జనవరి నుంచి ఆ చట్టాన్నే ఎత్తేశారు. చైనా 2019లో గంటల పరిమితి పెట్టింది. 2021లో దాన్ని ఇంకా బిగించి, శుక్ర, శని, ఆదివారాల్లోనూ సెలవుల్లోనూ రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది వరకే అంది. 2019 పరిమితి తర్వాత అతిగా ఆడటం తగ్గిందనడానికి ఆధారం దొరకలేదని 2023లో ఒక పెద్ద పరిశోధన తేల్చింది.

డబ్బు ఆటల్ని ఆపడం మంచిదేనని నేను నమ్ముతాను. ఆ అబ్బాయిని చూశాక మరీ. కానీ యాప్ మూతపడినంత మాత్రాన అలవాటు పోదు, అప్పు తీరదు. దానికి మనిషి సాయం కావాలి. అది మన ఊళ్ళోనే ఉంది: మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో ఫోన్, గేమింగ్ అలవాట్ల కోసమే 2014 నుంచి ఒక క్లినిక్ నడుస్తోంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఫ్రీ, తెలుగులోనూ మాట్లాడతారు.

ఆ రాత్రి మెస్ మెట్ల మీద కూర్చుని వాడు ఆ నంబరుకే చేశాడు. నలభై నిమిషాలు మాట్లాడాడు. మర్నాడు లోన్ యాప్‌ల బెదిరింపు కాల్స్ మీద సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేశాడు. ఆదివారం వాళ్ళ నాన్న మదనపల్లె బస్సు దిగి నేరుగా పీజీకి వచ్చారు. కొడుకు ఫోన్ చేతిలోకి తీసుకుని ఒక్కో లోన్ పేరూ, మొత్తమూ డైరీలో రాసుకున్నారు. ఐదు ఉన్నాయి. ఇప్పటికి రెండు తీరాయి.