సంతకానికి ముందే ప్లీడరు రావాలి

గోదావరి డెల్టాలో పేదవాడు ప్లీడరు గారి గుమ్మం ఎక్కేసరికి చాలాసార్లు జరగవలసిన నష్టం జరిగిపోయి ఉంటుంది. ఉన్న ఎకరం కొడుకు పేరున రాసేసి ఉంటారు. గల్ఫ్ వెళ్ళిన కూతురి పాస్‌పోర్టు అక్కడి యజమాని చేతిలో చిక్కి ఉంటుంది. మునిగిన పంటకు వచ్చిన పరిహారం సాగు చేసినవాడికి కాక, పట్టా ఎవరి పేరున ఉందో వారి ఖాతాలో పడి ఉంటుంది. ఆ తర్వాత మొదలయ్యే వ్యాజ్యం ఏళ్ళ తరబడి సాగుతుంది. ఇక్కడి న్యాయవాదులు సమాజానికి చేయగల పెద్ద సేవ కోర్టు హాలులో లేదు. వేలిముద్ర పడకముందు, ఊళ్ళోనే ఉందని మేము నమ్ముతున్నాం.

కౌలు సంగతే చూడండి. డెల్టాలో వరి పొలాలు ఎక్కువగా కౌలుదారుల చేతుల్లోనే ఉన్నాయి. ఒప్పందం మాత్రం నోటిమాటతో సరి. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల సాగు ఒప్పందానికి వీలు కల్పించింది. బ్యాంకు రుణం, పంటల బీమా, నష్టపరిహారం సాగుదారుకే అందాలన్నది దాని ఉద్దేశం. భూయజమాని హక్కుకు భంగం ఉండదని కూడా ఆ చట్టం భరోసా ఇస్తోంది. అయినా యజమానులు సంతకానికి వెనకాడుతున్నారు. అందరిలోనూ దుర్బుద్ధి ఉందని మేము అనుకోం. కౌలుదారు పేరు కాగితం మీదకు ఎక్కితే పొలం చేజారుతుందన్న భయం 1956 నాటి కౌలుదారీ చట్టం రోజుల నుంచీ ఇళ్ళల్లో పాతుకుపోయింది. అధికారుల ప్రచారం దాన్ని పోగొట్టలేకపోయింది. ఇరుపక్షాల నుంచీ పైసా ఆశించని న్యాయవాది ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒక్కో షరతూ చదివి వినిపిస్తే ఆ భయం సడలే అవకాశం ఉంది.

ఇక తల్లిదండ్రుల ఆస్తి. పెద్దవాళ్ళు పిల్లల మీద నమ్మకంతో దాన సెటిల్‌మెంట్ రాసేస్తారు. తమను పోషించాలన్న మాట దస్తావేజులో రాయించడం మొహమాటమనుకుంటారు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, పోషణ షరతుతో చేసిన ఆస్తి బదిలీని ఆ షరతు తప్పినప్పుడు ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. షరతు పత్రంలోనే ఉంటే పని సులువు. లేకపోతే దాన్ని నిరూపించడానికి ముసలితనంలో ఆపసోపాలు పడాలి. రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో అరగంట కూర్చుని ఆ ఒక్క వాక్యం రాయించే న్యాయవాది ఒక వృద్ధురాలి చివరి పదేళ్ళను కాపాడినట్టే. అలాగే విమానం ఎక్కబోయే మహిళ చేతిలోని వీసా ఏ రకమో, పంపుతున్న ఏజెంటుకు 1983 నాటి వలసల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందే చూసి చెప్పేవారు కోనసీమ ఊళ్ళకు ఎంతో అవసరం.

ఇది దయతో చేయవలసిన పని అనుకుంటే పొరపాటు. డబ్బు ఇవ్వలేని వారికి, పీడితులకు తన స్థోమత మేరకు ఉచితంగా సాయపడటం న్యాయవాది అత్యున్నత బాధ్యతల్లో ఒకటని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళే నిర్దేశిస్తోంది. 1976లో రాజ్యాంగంలో చేరిన 39ఎ అధికరణ ఉచిత న్యాయ సహాయాన్ని రాజ్యం బాధ్యతగా చేసింది. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, తుఫాను, వరద బాధితులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ సాయం దక్కుతుంది. 15100 నంబరుకు ఫోను చేసినా చాలు. ఏటిగట్టుకు అవతలి లంక గ్రామాల్లో ఈ సంగతి ఎందరికి చేరింది? శాలువాలు, ఫొటోలతో ముగిసే ఒక్కరోజు శిబిరాలతో చేరదు. వచ్చిన మనిషే మళ్ళీ మళ్ళీ వస్తేనే ఊరు నోరు విప్పుతుంది.

రాజమండ్రిలో ప్లీడరుగా ఎదిగి, ఆ పట్టణ పురపాలక అధ్యక్షుడైన టంగుటూరి ప్రకాశం 1921లో బంగారంలాంటి ప్రాక్టీసునే వదులుకున్నారు. అంత త్యాగం మేము ఎవరినీ అడగడం లేదు. నెలకు ఒక్క రోజు అడుగుతున్నాం. అమలాపురం, రాజోలు, నరసాపురం, భీమవరం, తణుకు న్యాయవాదుల సంఘాలు వంతులు వేసుకుంటే గ్రామ సచివాలయంలోనో, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం దగ్గరో వారానికి ఒక రోజు ఒకరు కూర్చోగలరు. ఊళ్ళోని గ్రంథాలయాలు, వృద్ధాశ్రమాలు, దాతలు భూములిచ్చిన ట్రస్టుల కాగితాలు సరిచూసే పని కూడా అక్కడే జరగవచ్చు.

ఒక కట్టుబాటు మాత్రం తప్పనిసరి. అక్కడ సలహా ఇచ్చిన న్యాయవాది అదే తగాదాలో తర్వాత ఫీజుకు వకాలతు పుచ్చుకోకూడదు. కేసుల వేట అన్న అనుమానం ఒక్కసారి తలెత్తితే ఆ కుర్చీ దగ్గరికి ఎవరూ రారు. న్యాయ సేవాధికార సంస్థలు కూడా ఈ పనికి వెళ్ళే జూనియర్లకు ప్రయాణ ఖర్చులు, తగిన పారితోషికం ఆలస్యం లేకుండా ఇవ్వాలి. ఇంకా నిలదొక్కుకోని యువ న్యాయవాది జేబు మీద సేవాభారం మోపడం అన్యాయం.

జూన్‌లో కాలువలకు నీరు వదిలేలోపే సార్వా (ఖరీఫ్) కౌలు మాటలు ఊరూరా పూర్తవుతాయి. ఆ మాటలు కాగితం మీదకు రావాలంటే, ఏ ఊరికి ఏ రోజు ఎవరు వెళతారో తెలిపే జాబితాను న్యాయవాదుల సంఘాలు వేసవి సెలవులకు ముందే సచివాలయాల గోడలపై అంటించాలి.