రాక్‌వెల్ తీపి బొమ్మల వెనక ఉన్న రూలు

అమెరికా చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్‌ను క్యాలెండర్ బొమ్మల వాడని కొట్టిపారేయడం చాలా తేలిక. అమెరికా విమర్శకులు దశాబ్దాల పాటు చేసిన పని అదే. 1894లో న్యూయార్క్‌లో పుట్టి, 22 ఏళ్లకే 'సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్' పత్రికకు ముఖచిత్రం వేసి, ఆ తర్వాత 47 ఏళ్లలో మూడు వందలకు పైగా వేసినవాడు. ఇంజెక్షన్ కోసం ప్యాంటు కిందికి దించుకుని, ఆ గ్యాప్‌లో గోడ మీది డాక్టరు సర్టిఫికెట్ అసలుదో కాదో అన్నట్టు పరీక్షగా చూసే పిల్లాడి లాంటి బొమ్మలు. చూస్తే నవ్వు రాకుండా ఉండదు, నాకైతే ఇప్పటికీ వస్తుంది.

కానీ ఆ తీపికి ఒక రూలు ఉంది. నల్లవాళ్లను పనివాళ్లుగా తప్ప చూపించొద్దని పత్రికలో తనకు చెప్పారని తర్వాత అతనే బయటపెట్టాడు. 1946 కవరు చూడండి: రైలు డైనింగ్ కారులో బిల్లు పట్టుకుని తంటాలు పడుతున్న పిల్లాడు, పక్కన నవ్వుతూ నిలబడ్డ నల్లజాతి వెయిటర్. ముచ్చటగానే ఉంటుంది, రూలు కూడా దాటలేదు.

1963లో పోస్ట్ వదిలాడు. మరుసటి ఏడాది జనవరిలో, 70కి దగ్గరపడ్డ వయసులో, 'లుక్' పత్రికలో రూబీ బ్రిడ్జెస్ బొమ్మ వేశాడు. 1960లో న్యూ ఆర్లీన్స్‌లో అందరూ తెల్లపిల్లలే ఉన్న బడికి వెళ్లిన ఆరేళ్ల నల్లజాతి పిల్ల. తెల్ల గౌను, చేతిలో పుస్తకాలు, స్కేలు. ముందూ వెనకా కాపలాగా నలుగురు మార్షల్స్ (కేంద్ర ప్రభుత్వ పోలీసు అధికారులు), వాళ్ల తలలు ఫ్రేములోకి రావు. గోడ మీద నల్లవాళ్లను తిట్టే మాట, పగిలిన టమాటా, కారుతున్న రసం. విసిరిన గుంపు మాత్రం కనబడదు, ఎందుకంటే గుంపు నిలబడ్డ చోటే చూసేవాళ్లం మనం నిలబడి ఉంటాం.

చెయ్యి మారలేదు, అదే నున్నటి పనితనం, ఇరుగుపొరుగును నిలబెట్టి ఫొటోలు తీసి వేసే అదే పద్ధతి. మారింది పత్రిక. అందుకే 'వయసు మీదపడ్డాక కళ్లు తెరిచాడు' అనే కథ నాకు అంతగా ఎక్కదు. రూలు తెలిసీ అన్నేళ్లు దాని కింద పనిచేశాడన్నది కూడా లెక్కలో వెయ్యాలి.

2011లో ఒబామా ఆ బొమ్మను వైట్‌హౌస్‌కు తెప్పించి, రూబీని పక్కన పెట్టుకుని చూశాడు. వేలంలో మాత్రం 2013లో 4.6 కోట్ల డాలర్లు పలికింది 1951 నాటి 'సేయింగ్ గ్రేస్', హోటల్లో తలలు వంచి ప్రార్థన చేసుకుంటున్న అవ్వా మనవడూ. అది పోస్ట్ కవరే.